గవర్నరుపేట ల్యాబ్ సామాన్ల కొట్టు: సూరి భగవంతం గారి ఫిజిక్సును బల్ల మీద పెట్టాలనుకునే మాస్టార్ల కోసం ఒక సమీక్ష

విజయవాడ గవర్నరుపేటలో, ఏలూరు రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందుల్లో ఒకదానిలో, మేడమీద నడుస్తున్న ల్యాబ్ సామాన్ల కొట్టు గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. జూనియర్ కాలేజీలకూ ఇంజనీరింగ్ కాలేజీలకూ ప్రాక్టికల్స్ సామాను సరఫరా చేయడం వాళ్ళ అసలు వ్యాపారం. విడిగా వెళ్ళి ఒక లెన్సో రెండు టెస్ట్‌ట్యూబులో అడిగినా కాదనరు గానీ, కొట్టు పేరు మాత్రం ఎక్కడా వెయ్యవద్దని యజమాని మరీమరీ చెప్పారు. ప్రాజెక్టు వర్కుల రోజుల్లో పిల్లల తల్లిదండ్రులు ఒక్కసారిగా మెట్లెక్కి వస్తే కాలేజీల ఆర్డర్లు కట్టే తీరిక ఉండదని ఆయన బాధ. కింద ఫ్యాన్ల రిపేరు షాపు, పక్కన జెరాక్సు ఉన్న మేడ అని మాత్రం చెప్పగలను. ఆ పేటలో అవే గుర్తులున్న మేడలు అరడజనైనా ఉంటాయి కనుక ఆయన మాట నిలబెట్టినట్టే.

గుంటూరులోని ఒక హైస్కూలులో ఫిబ్రవరి 28న జరిపే జాతీయ విజ్ఞాన దినోత్సవానికి ఆచార్య సూరి భగవంతం మీద ఒక బల్ల సిద్ధం చేసే పని నాకు అప్పగించారు. ఆయన 1909 అక్టోబరు 14న, అప్పటి కృష్ణా జిల్లాలో, విజయవాడ నుంచి నున్న మీదుగా నూజివీడు వెళ్ళే దారిలో ఉన్న ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా వెళ్ళి సి.వి. రామన్ దగ్గర పరిశోధనలో చేరి, 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి అక్కడ ఫిజిక్సు ఆచార్యులయ్యారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో లండనులోని భారత హైకమిషన్‌లో శాస్త్ర సంబంధాల అధికారిగా, 1952 నుంచి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉపకులపతిగా, 1957 నుంచి 1962 వరకు బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా, 1961 నుంచి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేసి, 1989 ఫిబ్రవరి 6న కన్నుమూశారు. ఇవన్నీ ఒక చార్టు మీద వరసగా రాసి గోడకు తగిలిస్తే, చదివిన పిల్లవాడికి ఒక పెద్ద ఆఫీసరు గారి సర్వీసు రిజిస్టరు తిరగేసిన భావనే మిగులుతుంది. ఆయన ఘనస్థితి భౌతికశాస్త్రంలో, అంటే స్ఫటికాల ఫిజిక్సులో, ఏం కనిపెట్టారన్నది ఆ చార్టులో ఎక్కడా ఉండదు. నా అభిప్రాయంలో ఆయన మీద బల్ల పెట్టేవారు పదవుల జాబితాకు ఒక్క అట్టముక్క మించి స్థలం ఇవ్వకూడదు. మిగతా చోటంతా చేత్తో ముట్టుకోదగిన వస్తువులకు ఇవ్వాలి. ఆ వస్తువులు ఈ కొట్టులో ఎంతవరకు దొరుకుతాయి, ఎంత నాణ్యంగా దొరుకుతాయి అన్నదే ఇక్కడ చూడవలసిన విషయం.

ముందుగా చార్టుల సంగతి చెప్పి వదిలేస్తాను. శాస్త్రవేత్తల బొమ్మలతో లామినేషన్ చేసిన గోడపటాల సెట్టు కౌంటరు మీదే పెట్టి అమ్ముతున్నారు. న్యూటన్, ఐన్‌స్టయిన్, రామన్, జగదీశ్ చంద్ర బోస్, కలాం ఉన్నారు, భగవంతం లేరు. అచ్చు వేసినవారి తప్పును కొట్టువారి మీద వేయలేం గానీ, రామన్ పటం కింద తెలుగులో రాసిన నాలుగు వాక్యాల్లో రెండు అచ్చుతప్పులున్నాయి. కొనవద్దు.

ఈ కొట్టుకు వెళ్ళడానికి మొదటి కారణం పోలరాయిడ్ రేకులు, అంటే ఒకే దిక్కున ఊగే కాంతిని మాత్రమే దాటనిచ్చే రేకులు. చదరంగా కోసిన, అరచేతి వెడల్పున్న రెండు రేకులు జతగా మూడు వందల యాభై రూపాయలకు ఇచ్చారు. ఆన్‌లైన్‌లో ఇంతకన్నా చవకగా దొరుకుతున్నాయి నిజమే, కాని అక్కడ వచ్చేవాటిలో చాలా రేకులు అడ్డంగా తిప్పినప్పుడు పూర్తిగా నల్లబడక వంకాయ రంగు మిగులుస్తాయి. ఇక్కడ కౌంటరు వెనకున్న కుర్రాడు తనంతట తానే రెండు రేకులనూ ట్యూబులైటు కేసి పట్టి, ఒకదాన్ని మెల్లగా తొంభై డిగ్రీలు తిప్పి, "చూడండి సార్, చుక్క వెలుతురు కూడా రాదు" అని చూపించాకే కవరులో పెట్టాడు. రేకుల మీదున్న పలచటి రక్షణ పొర తియ్యకుండా పరీక్ష చేస్తే రంగులు కనబడి మోసం చేస్తాయని కూడా అతనే చెప్పాడు. అమ్మే వస్తువు తెలిసిన మనిషి అమ్మితే ఎంత తేడా ఉంటుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

రెండు రేకుల మధ్య, వెలుతురు ఆగిపోయిన స్థితిలో, జామెట్రీ బాక్సులోని పారదర్శకమైన ప్లాస్టిక్ కోణమానిని ఉంచితే ఇంద్రధనుస్సు రంగులు పట్టీలు పట్టీలుగా బయటపడతాయి. అచ్చులో పోసి చల్లార్చినప్పుడు ప్లాస్టిక్కులో చిక్కుకుపోయిన ఒత్తిడే ఆ రంగులకు కారణం. అంచుల దగ్గరా, అచ్చులోకి ప్లాస్టిక్ దూరిన మూల దగ్గరా పట్టీలు బాగా చిక్కగా ఉంటాయి; రెండు చేతులతో పట్టుకుని కొంచెం వంచితే రంగులు కదులుతాయి. ఒత్తిడికి లోనైన గాజు కాంతిని రెండు దారులుగా విడగొడుతుందని బ్రూస్టర్ పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళలోనే గమనించాడు. గాజుకు అన్ని దిక్కులూ ఒకటే కాబట్టి ఈ ప్రభావాన్ని వర్ణించడానికి రెండు స్థిరాంకాలు చాలు. స్ఫటికంలో అలా కుదరదు, ఏ దిక్కున నొక్కామో ఏ దిక్కున చూశామో దాన్నిబట్టి ఫలితం మారుతుంది. ఒక్కో రకం స్ఫటికానికి ఎన్ని స్థిరాంకాలు కావాలో జర్మన్ శాస్త్రవేత్త పోకెల్స్ లెక్కకట్టి పెట్టాడు, ఆ పట్టికనే లోకమంతా దశాబ్దాల పాటు వాడుకుంది.

ఆ పట్టికలో కొన్ని తరగతుల లెక్క తప్పని 1942లో చూపించినవారు భగవంతం. బయటి రూపంలోని సౌష్ఠవాన్ని బట్టి స్ఫటికాలన్నీ 32 తరగతుల్లో ఇముడుతాయి. స్ఫటికాన్ని ఒక అక్షం చుట్టూ తిప్పినా, అద్దంలో ప్రతిబింబింపజేసినా అది మునుపటిలాగే ఉంటే, దాని భౌతిక ధర్మం కూడా ఆ మార్పుకు చెక్కుచెదరకూడదు. ఈ ఒక్క షరతును సౌష్ఠవాన్ని లెక్కకట్టే గణితమైన గ్రూపు సిద్ధాంతం భాషలో రాస్తే, ఏ ధర్మానికి ఎన్ని స్వతంత్ర స్థిరాంకాలు మిగులుతాయో పెద్ద సమీకరణాల జోలికి పోకుండా చిన్న కూడికలతో తేలిపోతుంది. ఆ పద్ధతిలో లెక్కిస్తే, ఘన వ్యవస్థకు (క్యూబిక్, అంటే సమఘనపు సౌష్ఠవం ఉన్నవాటికి) చెందిన అయిదు తరగతుల్లో మూడింటికి ఫోటోఎలాస్టిక్ స్థిరాంకాలు, అంటే ఒత్తిడికి కాంతి విడిపోయే తీరును చెప్పే స్థిరాంకాలు, మూడేసి వచ్చాయి గానీ, మిగిలిన రెండింటికి నాలుగేసి వచ్చాయి. అంతకుముందు అయిదింటికీ మూడే అనుకునేవారు. తరవాతి ప్రయోగాలు ఆ నాలుగో స్థిరాంకం నిజమేనని తేల్చాయి. ఇంటర్ పిల్లలకు ఈ లెక్క మొత్తం చెప్పనక్కర్లేదు. పాత పట్టికలో తప్పుందని పరికరమేదీ లేకుండా, సౌష్ఠవం గురించిన ఆలోచనతో పట్టుకోవచ్చని చెబితే చాలు. నా అనుభవంలో వాళ్ళ కళ్ళు పెద్దవయ్యే చోటు అదే.

ఆ రెండు తరగతుల్లో ఒకదానికి చెందిన వస్తువు మనందరి ఇళ్ళలోనూ ఉంది. అది పటిక. గుమ్మానికి దిష్టి కోసం కట్టేదీ, మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దేదీ అదే. అందుకే బల్ల మీద రెండో వస్తువుగా పటిక స్ఫటికం పెట్టాలని నిశ్చయించుకుని, ఇక్కడ అరకిలో పొటాష్ ఆలమ్ సీసా కొన్నాను. రెండు వందల చిల్లర అయింది. వన్‌టౌన్ కిరాణా కొట్టులో అదే డబ్బుకు నాలుగింతల పటిక వస్తుంది. కాని ఆ గడ్డ లోపల పొగమంచులా మసక ఉంటుంది, కరిగించి వడగట్టినా మడ్డి పూర్తిగా పోదు. సీసా సరుకుతో వేడినీళ్ళలో సంతృప్త ద్రావణం చేసి, దారానికి కట్టిన చిన్న గింజను వేలాడదీసి, ఫ్యాను గాలి తగలని చోట కదపకుండా ఉంచితే ఎనిమిది ముఖాల స్ఫటికం అద్దంలా పెరుగుతుంది. దాన్ని అడ్డంగా తిప్పిన పోలరాయిడ్ల మధ్య ఎటు తిప్పినా చీకటి చీకటిగానే ఉంటుంది. చిన్న బిగింపు స్క్రూలో పెట్టి, ముఖాలు పగలకుండా రెండు పక్కలా అట్టముక్క వేసి, నెమ్మదిగా బిగిస్తే మసక వెలుగు ఒకటి లోపల నుంచి లేస్తుంది. స్క్రూ వదిలితే ఆరిపోతుంది. భగవంతం లెక్క అంతా ఆ వెలుగు గురించే. గది చీకటిగా ఉండటం అవసరం, లేకపోతే పిల్లలు ఏమీ కనబడలేదంటారు. ఈ స్క్రూ కూడా ఇక్కడే దొరికింది. రసాయనాల సీసాల మీద తయారీ తేదీ, శుద్ధత శాతం స్పష్టంగా ఉన్నాయి. కొన్ని కొట్లలో అంటించే తెల్ల స్టిక్కరు బాపతు కాదు.

కొట్టులో అలమారలు మూడు వరసలుగా ఉన్నాయి, ముందు వరసలో గాజు సామాను, మధ్యలో ఎలక్ట్రికల్, చివర ఆప్టిక్స్. చివరి వరసలోకి మనల్ని వెళ్ళనిస్తారు. దుమ్ము ఉంది కాని లెన్సులూ, కాంతిని రంగులుగా విడదీసే సన్నగీతల గ్రేటింగులూ మాత్రం విడివిడిగా కాగితంలో చుట్టి ఉంచారు. అక్కడే పాదరసపు ఆవిరి దీపం చూపించమని అడిగాను. రామన్ శిష్యుల చేతిలో ప్రధాన ఆయుధం అదే. పాదరసపు కాంతిలోని 4358 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యమున్న నీలిగీతను ఒక పదార్థం మీద పడనిచ్చి, చెదిరి వచ్చిన కాంతిని వర్ణపటంగా విడదీస్తే, పక్కన కొత్త గీతలు సన్నగా కనిపిస్తాయి. ఇదే రామన్ ప్రభావం. అసలు గీత నుంచి ఆ కొత్త గీతల దూరాలు పదార్థంలోని కంపనాల సంతకాలు. భగవంతం 1930లో వజ్రాన్ని ఇలాగే పరిశీలించారు. వజ్రంలో అసలు గీత నుంచి 1332 తరంగసంఖ్యల (సెంటీమీటరులో ఇమిడే తరంగాల లెక్క) దూరంలో ఒకే ఒక్క బలమైన గీత వస్తుంది, అంటే 4358 గీతకు తోడుగా దాదాపు 4627 దగ్గర మరో గీత. కర్బన పరమాణువుల రెండు అల్లికలు ఒకదానికెదురుగా మరొకటి ఊగే కంపనమది. మరుసటి సంవత్సరం రామన్‌తో కలిసి, చెదిరిన కాంతి ధ్రువణాన్ని (తరంగం ఊగే దిక్కును) కొలిచి ఫోటాన్‌కు, అంటే కాంతి కణానికి, స్పిన్ (తన చుట్టూ తాను తిరుగుతున్నట్టుండే గుణం) ఉందని చూపే ప్రయోగాలు చేశారు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్ళయినా నిండలేదు.

దీపం, చోకు, చెక్కపెట్టె కలిపి నాలుగు వేలు దాటింది కనుక స్కూలు ఖర్చుతో కొనలేదు. ఆ రోజుకు అద్దెకు ఇస్తారా అని అడిగితే, పాత దీపం ఒకటి డిపాజిట్టు తీసుకుని ఇచ్చారు. ఈ అద్దె సౌకర్యం బోర్డు మీద రాసి ఉండదు, అడిగినవారికే తెలుస్తుంది. అంగుళానికి పదిహేను వేల గీతలున్న గ్రేటింగు ఫిల్ము చవకే, అది కొన్నాను. దీపం వెలిగించాక పూర్తి కాంతికి రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆర్పితే చల్లారేదాకా మళ్ళీ వెలగదు. కాబట్టి పిల్లలు వస్తూ పోతూ ఉంటే ఆర్పకుండా వదిలేయడమే మేలు. బయటి గాజు పగిలిన దీపాన్ని ఎట్టి పరిస్థితిలోనూ వెలిగించకూడదు, అతినీలలోహిత కిరణాలు కళ్ళను దెబ్బతీస్తాయి. ఈ హెచ్చరిక యజమాని అడగకుండానే చెప్పారు. ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఈ దీపంతో, ఈ ఫిల్ముతో రామన్ ప్రభావం కంటికి కనబడదు. కనబడేవి పాదరసం సొంత గీతలే, వంకాయరంగు, నీలం, ఆకుపచ్చ, జంట పసుపు గీతలు. చెదిరే కాంతిలో రామన్ గీతల వంతు అత్యల్పం, ఆ రోజుల్లో ఫోటో పలక మీద వాటిని పట్టడానికి గంటల తరబడి కాంతిని పడనివ్వవలసి వచ్చేది. బల్ల దగ్గర నిలబడే పిల్లవాలంటీరు "ఇదే రామన్ ఎఫెక్టు" అని చెప్పెయ్యకుండా ముందే శిక్షణ ఇవ్వాలి. సైన్సు డే నాడు చాలా స్కూళ్ళలో జరిగే అబద్ధం ఇదొక్కటే కాదులెండి.

బల్లకు ప్రాణం అనదగిన భాగం వజ్రం. కొట్టులో వజ్రాలు అమ్మరు, కాని గాజు మీద గుర్తులు పెట్టడానికి వాడే డైమండ్ పెన్సిల్ అమ్ముతారు. దాని కొసన ఉండేది ఆవగింజలో సగం ఉంటుందేమో గానీ నిజమైన వజ్రపు ముక్కే. భూతద్దం కింద పెట్టి చూపించవచ్చు. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యాక, 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం మీద జపాను బాంబులు పడ్డాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు వదిలి గుంటూరుకు వచ్చింది, యుద్ధం ముగిశాక గాని తిరిగి వెళ్ళలేదు. 1926లో ఈ విశ్వవిద్యాలయం మొదలైంది బెజవాడలోనే కనుక ఒకరకంగా పుట్టింటి వైపు వచ్చినట్టే. ఆ కాలంలో భగవంతం, జె. భీమసేనాచార్ కలిసి ప్రచురించిన పరిశోధన పత్రాల మీద చిరునామా గుంటూరు. వజ్రం స్థితిస్థాపకతను కొలిచి వాళ్ళు 1944లో ప్రకటించిన ఫలితం గుంటూరు నుంచి వెలువడింది. మన స్కూలు పిల్లలకు ఈ ఒక్క వాక్యం చెప్పడానికైనా ఆ బల్ల పెట్టాలి. కృష్ణ ఒడ్డున కోళ్ళూరు వజ్రాల గనులకు పేరుపడిన ప్రాంతం మనది. వజ్రం ఎంత గట్టిదో అంకెల్లో రాసే ప్రయత్నం కూడా ఇక్కడే జరిగిందని చాలామందికి తెలియదు.

కొలిచిన పద్ధతి తెలుసుకోదగినది. క్వార్ట్‌జ్ పలకకు విద్యుత్తు అందిస్తే అది మందాన్ని బట్టి ఒకే పౌనఃపున్యం దగ్గర బాగా కంపిస్తుంది. ఆ పలకను ఒకవైపు మందంగా, మరోవైపు పలచగా ఉండేలా అరగదీస్తే, ఒక్కో చోట ఒక్కో పౌనఃపున్యం చొప్పున, ఒకే పలక నుంచి వరసగా అనేక అతిధ్వని తరంగాలు రాబట్టవచ్చు. స్ఫటికపు ముక్క మందంలో అర తరంగదైర్ఘ్యాలు సరిగ్గా ఇమిడిన పౌనఃపున్యాల దగ్గర ధ్వని సులువుగా దాటిపోతుంది. ఆ పౌనఃపున్యాల నుంచి ధ్వనివేగం, వేగం నుంచి స్థితిస్థాపక స్థిరాంకాలు తెలుస్తాయి. స్ఫటికం ఎంత చిన్నదైనా ఈ పద్ధతి పనిచేస్తుంది, వజ్రానికి కావలసింది అదే. పెద్ద యంత్రాలు లేని యుద్ధకాలపు ప్రయోగశాలలో ఇంత తెలివైన ఏర్పాటు చేసుకోవడం నాకు ఆయన ఏ పదవి కన్నా గొప్పగా కనిపిస్తుంది.

వజ్రం ఘన వ్యవస్థది కనుక దానికి మూడే స్థితిస్థాపక స్థిరాంకాలు. వాళ్ళకు వచ్చిన విలువలు ఇప్పటి ప్రమాణాల్లో దాదాపు 950, 390, 430 గిగాపాస్కల్‌లు. 1957లో మెక్‌స్కిమిన్, బాండ్ అనే అమెరికా పరిశోధకులు మెరుగైన పద్ధతిలో కొలిస్తే 1076, 125, 576 వచ్చాయి. మొదటిది దగ్గరగా ఉంది, మూడోది కొంత తక్కువ, రెండోది మూడింతలకు పైగా ఎక్కువ. ఈ రెండు వరసలనూ ఒకే అట్ట మీద పక్కపక్కన రాసి పెట్టాలని నా గట్టి అభిప్రాయం. స్కూలులో ఒక ఉపాధ్యాయిని "మన వాళ్ళ లెక్క తప్పని మనమే రాసుకోవడం ఎందుకండీ" అన్నారు. వజ్రం మీద అంతకుముందు అటువంటి కొలత దాదాపు లేని రోజుల్లో మొదట అడుగు వేసినవారి అంకెలు తరవాత సవరింపబడటంలో చిన్నతనం ఏమీ లేదు. పోకెల్స్ పట్టికను సవరించినది భగవంతమే, ఆయన కొలతను సవరించినది ఇంకొకరు. పైగా అంకెలు దాస్తే, ఇంటర్‌నెట్‌లో వెతికిన పిల్లవాడే రేపు మనల్ని నిలదీస్తాడు. ఆవిడ ఒప్పుకున్నారు, అట్ట రాసి ఇచ్చింది కూడా ఆవిడే.

పీజో పలకల, అంటే నొక్కితే విద్యుత్తు పుట్టించే పలకల, విషయంలో కొట్టు నిరాశపరచలేదు. బజరులో వాడే ఇత్తడి పీజో బిళ్ళలు పది పదిహేను రూపాయలకు ఒకటి. రెండు వైర్లు అతికించి చిన్న ఎల్ఈడీకి కలిపి, చీకట్లో బిళ్ళను పెన్నుతో తడితే బల్బు మెరుస్తుంది. కొత్త బిళ్ళల్లో ఒకటి అస్సలు మెరవలేదు, మాట్లాడకుండా మార్చి ఇచ్చారు. ఇవి క్వార్ట్‌జ్ కాదు, సిరామిక్ పదార్థం. అసలు క్వార్ట్‌జ్ బిళ్ళ చూడాలంటే అతిధ్వని వేగం కొలిచే అల్ట్రాసోనిక్ ఇంటర్‌ఫెరోమీటరు కొనాలి, అది కాలేజీల స్థోమత. యజమాని మరమ్మతుకు వచ్చిన అలాంటి పరికరంలోని బిళ్ళను విప్పి చూపించారు. గాజుబిళ్ళలాగే ఉంటుంది, రెండు ముఖాల మీదా పలచటి లోహపు పూత. ఫోను కెమెరాతో దాని ఫొటో తీసుకోనిచ్చారు. 32 తరగతుల్లో 20 తరగతుల స్ఫటికాలకే ఈ గుణం ఉంటుంది, పటికకు ఉండదు. ఏది ఎందుకు అన్నది మళ్ళీ సౌష్ఠవం దగ్గరికే వస్తుంది.

కొట్టు పూర్తిగా విఫలమైనది స్ఫటిక నమూనాల దగ్గర. ఉప్పు, వజ్రం నిర్మాణాలకు ప్లాస్టిక్ బంతులూ కడ్డీలూ ఉన్న పెట్టెలున్నాయి. వజ్రం పెట్టెలో కడ్డీలు బంతుల చిల్లుల్లో వదులుగా ఉండి, ఎత్తగానే నమూనా వాలిపోతుంది. ఎనిమిది ముఖాలవి, పన్నెండు ముఖాలవి, ప్రిజం ఆకారాలవి చెక్క నమూనాలు కావాలంటే, "ఇప్పుడెవరూ అడగట్లేదు మాస్టారూ, సిలబస్‌లో తీసేశారుగా" అన్నారు. సౌష్ఠవాన్ని చేత్తో తిప్పి తెలుసుకోవలసిన చోట ఇది పెద్ద లోటు. భగవంతం, టి. వెంకటరాయుడు కలిసి భౌతికశాస్త్రంలో గ్రూపు సిద్ధాంతం వాడకం మీద రాసిన గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1948లో వేసింది. దాన్ని చదివి ఆనందించే వయసు ఈ పిల్లలకు ఇంకా రాలేదు, చెక్క ఘనాన్ని నాలుగు మూలల అక్షాల మీద మూడేసి మార్లు తిప్పి చూసే వయసు ఇదే. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో ఏనుగు అంబారీలు చెక్కేవారికి అష్టముఖి చెక్కడం కష్టం కాదు. కొలతలతో బొమ్మ గీసి ఇస్తే చేస్తామన్నారు, కాని మా తేదీకి అందలేదు. ఈసారికి దళసరి అట్టతో సరిపెట్టాం. ఖనిజాల పెట్టె మాత్రం తీసుకోవచ్చు. కాల్‌సైటు ముక్క తేటగా ఉండి, కాగితం మీది చుక్కను రెండుగా చూపిస్తోంది. అభ్రకం రేకు పోలరాయిడ్ల మధ్య చక్కగా వెలుగుతోంది. జిప్సం ముక్క నలిగి పొడైంది.

బిల్లింగు సంగతి. జీఎస్టీ బిల్లు అడిగితే ఇస్తారు, స్కూలు పేరుతో రాయించుకోవచ్చు. యూపీఐ తీసుకుంటారు. బేరం ఆడితే మొహం చిట్లించరు గానీ పెద్దగా తగ్గించరు, పైగా దీపం అద్దెలో తగ్గించి సీసాల మీద కలిపేసే చమత్కారం కొంచెం ఉంది కనుక బిల్లు వరస వరసా చూసుకోవాలి. గుంటూరుకు ఆర్టీసీ పార్సిలులో పంపుతామన్నారు. గాజు సామాను అలా పంపించుకోవద్దని నా సలహా. నేను బస్సులో ఒళ్ళో పెట్టుకునే తెచ్చుకున్నాను. గుంటూరులో నేను చూసిన ఒక కొట్టులో ఇవే పోలరాయిడ్ రేకులకు ఎక్కువ అడిగారు, పైగా పరీక్షించి చూపించమంటే కవరు విప్పనన్నారు.

అద్దె దీపం తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు, బల్ల ఎవరి మీద పెట్టారని యజమాని అడిగారు. చెప్పాను. ఆయనకు భగవంతం పేరు తెలుసు, కాని ఫిజిక్సు ద్వారా కాదు. పుట్టపర్తిలో సత్యసాయిబాబా తెలుగు ప్రసంగాలను ఇంగ్లీషులోకి అప్పటికప్పుడు చెప్పిన పెద్దాయనగా తెలుసు. అదీ నిజమే. బెంగళూరు సంస్థలో ఆయన తరవాత డైరెక్టరు కుర్చీలో కూర్చున్నవారు సతీశ్ ధావన్ అని చెబితే యజమానికి ఆశ్చర్యం కలిగింది, పోకెల్స్ పట్టిక సంగతి చెబితే మాత్రం పోలరాయిడ్ల పెట్టె మళ్ళీ కిందికి దించి, ఏదీ పటిక ఎలా చూపించారో చెప్పండి అన్నారు. కొట్టులో రసాయనాల అలమారలో ఉన్న పాత స్ఫటికం ఒకటి తెచ్చి బిగించి చూశారు. బిగింపు ఎక్కువై అది విరిగిపోయింది.

మొత్తం మీద ఆప్టిక్స్ సామానుకూ, రసాయనాలకూ, అమ్మేవారి పరిజ్ఞానానికీ ఈ కొట్టు విజయవాడలో నేను చూసినవాటిలో మంచిది. నమూనాలకూ చార్టులకూ వెళ్ళవద్దు. వచ్చే ఏడు ఫోటాన్ స్పిన్ ప్రయోగం వివరించడానికి కాంతి ధ్రువణాన్ని మార్చే క్వార్టర్‌వేవ్ పలక ఒకటి కావాలని చెప్పాను. అది హర్యానాలోని అంబాలా నుంచి తెప్పించాలట, వారాలు పడుతుందట, సగం డబ్బు ముందు కట్టాలట. ఫిబ్రవరి కోసం కావలసినవారు డిసెంబరులోనే ఆర్డరు ఇవ్వడం మంచిది. జనవరి పదిహేను దాటితే ఇంటర్ ప్రాక్టికల్స్ హడావిడిలో కొట్టువారు మన ఫోను ఎత్తరు.